3డీ పనికీ రోజువారీ వాడకానికీ ఒకే కంప్యూటర్: 4070 ల్యాప్‌టాపా, 16 జీబీ కార్డుతో డెస్క్‌టాపా, పాత 3090నా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో ఇంటీరియర్ సీన్లు చేస్తారు. మధ్యమధ్యలో 4కే వీడియో ఎడిటింగ్, మిగతా సమయమంతా బ్రౌజరు, ఎక్సెల్, మీటింగులు. ఇప్పుడున్నది ఐ5-7400, 16 జీబీ ర్యామ్, 4 జీబీ జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు. ఆర్‌టీఎక్స్ 4070 ఉన్న ల్యాప్‌టాప్, ఆర్‌టీఎక్స్ 4060 టీఐ 16 జీబీతో డెస్క్‌టాప్, ఎవరో అమ్ముతున్న పాత 3090 కార్డు, ఈ మూడింటి మధ్య ఆగిపోయారు. ప్రాసెసర్ ఐ9 ఉండాల్సిందేనా అని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. సిస్టమ్‌ని మోసుకు తిరగాల్సిన అవసరం లేకపోతే 16 జీబీ కార్డుతో డెస్క్‌టాప్ తీసుకోండి. దానికి ఆరు నుంచి ఎనిమిది బలమైన కోర్లున్న కొత్త తరం ప్రాసెసర్, రెండు స్టిక్కులుగా 32 జీబీ ర్యామ్ (వీలైతే 64), ఒక ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (వేగంగా నడిచే డిస్క్), పేరున్న ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే పెట్టె) ఉంటే చాలు. ఐ9 అక్కర్లేదు. 3090ని ఎదురుగా పెట్టుకుని పరీక్షించే అవకాశం ఉంటేనే చూడండి, లేకపోతే వదిలేయండి.

విజువలైజేషన్, వీడియో పనులు చేసేవాళ్ల సిస్టమ్‌లు బిగించడం, అవి మొరాయిస్తే చూడటం చాలా ఏళ్లుగా నా పని. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం కార్డు నెమ్మదిగా ఉండటం వల్ల వచ్చినవి కావు. సీన్ కార్డులో పట్టకపోవడం వల్ల వచ్చినవి. నెమ్మది కార్డు అయితే రెండర్‌కి, అంటే సీన్‌ని తుది బొమ్మగా మార్చడానికి, ఇంకో గంట పడుతుంది, అంతే. మెమొరీ చాలని కార్డు మాత్రం మధ్యలో చేతులెత్తేస్తుంది. లేదా మిగిలిన భాగాన్ని సిస్టమ్ ర్యామ్‌లోకి నెట్టి నత్తనడక నడుస్తుంది. అందుకే మీకు 8 జీబీ కార్డు కన్నా 16 జీబీ కార్డు అంటున్నాను, 8 జీబీది కాస్త వేగంగా ఉన్నా సరే.

ఈ మెమొరీ ఎక్కడికి పోతుందో ఒకసారి లెక్క వేసి చూడండి. 4096 × 4096 సైజు టెక్స్చర్ (వస్తువు మీద అతికించే బొమ్మ) ఒకటి, 8 బిట్లు, నాలుగు ఛానెళ్లు అనుకుందాం. డిస్క్ మీద అది జేపెగ్‌గా 6, 7 ఎంబీ ఉండొచ్చు. రెండర్ మొదలవగానే విడమర్చుకుని కార్డులో 64 ఎంబీ ఆక్రమిస్తుంది. ఒక మెటీరియల్‌కి రంగు, రఫ్‌నెస్, నార్మల్, డిస్‌ప్లేస్‌మెంట్ అని నాలుగు మ్యాపులు వాడితే 256 ఎంబీ. అలాంటి మెటీరియళ్లు ఇరవై ఉన్న గది అంటే టెక్స్చర్లకే 5 జీబీ. ఇంకా జామెట్రీ, దాని మీద కట్టే బీవీహెచ్ (కాంతి దేన్ని తాకుతుందో త్వరగా వెతికే సూచిక), డీనాయిజర్ (బొమ్మలో చుక్కలు తుడిచేది), విండోస్, పక్కన తెరిచిన బ్రౌజరు ఉన్నాయి. అదే టెక్స్చర్ 8కే అయితే ఒక్కోటి 256 ఎంబీ.

వీటన్నింటికన్నా ఎవరూ గమనించనిది హెచ్‌డీఆర్‌ఐ, అంటే సీన్‌కి చుట్టూ వెలుతురిచ్చే బొమ్మ. 16కే హెచ్‌డీఆర్‌ఐ 32 బిట్ ఫ్లోట్‌గా లోడైతే 16384 × 8192 × 16 బైట్లు, సరిగ్గా 2 జీబీ. ఒక్క ఆకాశం బొమ్మకి! మా దగ్గర ఒకావిడ 8 జీబీ ల్యాప్‌టాప్‌లో ఇంటీరియర్లు చేసేది. రాత్రి రెండర్ పెట్టి పడుకుంటే తెల్లారేసరికి మెమొరీ అయిపోయిందన్న మెసేజ్ తప్ప ఫ్రేములు ఉండేవి కావు. కొత్త మెషీన్ కొనాలని నిర్ణయించుకున్నాక నన్ను అడిగింది. సీన్ తెరిచి చూస్తే 16కే హెచ్‌డీఆర్‌ఐ ఉంది, కిటికీకి కర్టెన్ వేసి ఉంది. ఆ ఆకాశం ఫ్రేములో ఎక్కడా కనపడదు, వెలుతురు ఇవ్వడమే దాని పని. దాన్ని 4కేకి మారిస్తే 128 ఎంబీకి దిగింది. సోఫా గుడ్డకి వాడిన 8కే మ్యాపుల్ని రెండర్ ప్రాపర్టీస్‌లో సింప్లిఫై కింద ఉన్న టెక్స్చర్ లిమిట్‌తో 4కేకి పరిమితం చేశాం. ఆ ల్యాప్‌టాప్‌తోనే ఆ ప్రాజెక్టు పూర్తయింది.

కాబట్టి కొనే ముందు మీ సీన్‌ని కొలవండి. బ్లెండర్‌లో అడుగున ఉన్న స్టేటస్ బార్ మీద రైట్ క్లిక్ చేసి వీడియో మెమొరీ టిక్ పెట్టండి. మీ అతి బరువైన సీన్ తెరిచి, మీ 4 జీబీ కార్డులో అది పట్టకపోతే సీపీయూ మీదే రెండర్ మొదలుపెట్టి, రెండర్ విండో పైన వచ్చే పీక్ మెమొరీ చూడండి. కార్డుకి కావాల్సింది దాదాపు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. దానికి విండోస్ కోసం, మానిటర్ల కోసం ఒక జీబీ కలపండి. 6 జీబీ వచ్చిందా, 8 జీబీ కార్డు ఇవాళ్టికి సరిపోతుంది గానీ ఏడాదికి బిగుతవుతుంది. 9, 10 వచ్చిందా, 16 జీబీ తప్ప వేరే మాట లేదు. ఇంకొకటి, రెండు కార్డులు పెడితే మెమొరీ కలిసి రెట్టింపు అవుతుందని కొందరు చెప్తారు. 4060 టీఐ లాంటి కార్డుల్లో అలా కలవదు. 8 జీబీ కార్డులు రెండు పెట్టినా సీన్ 8 జీబీలోనే పట్టాలి.

ఇప్పుడు ల్యాప్‌టాప్ సంగతి. ఇక్కడ పేరే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4070లో 5888 సీయూడీఏ (CUDA) కోర్లు, 12 జీబీ మెమొరీ ఉంటాయి. ల్యాప్‌టాప్ 4070లో 4608 కోర్లు, 8 జీబీ. ల్యాప్‌టాప్ 4090 కూడా 16 జీబీయే, డెస్క్‌టాప్‌లో అది 24. మీరు 4070 కొంటున్నాననుకుంటున్నారు గానీ మెమొరీ విషయంలో చేతికొచ్చేది 8 జీబీ కార్డే.

పైగా ల్యాప్‌టాప్ కార్డుకి ఎంత కరెంటు ఇవ్వాలన్నది తయారీదారు ఇష్టం. 4060, 4070 ల్యాప్‌టాప్ చిప్పులకి ఎన్విడియా ఇచ్చిన పరిధి 35 నుంచి 115 వాట్ల దాకా ఉంది. పలచటి మోడల్ ఒకటి, లావుపాటి మోడల్ ఒకటి, రెండింటి మీదా ఒకే స్టిక్కర్. పక్కపక్కన పెట్టి ఒకే సీన్ రెండర్ చేయిస్తే పలచటిది మొదటి రెండు నిమిషాలు పోటీగా నడిచి, వేడెక్కాక వెనకపడిపోతుంది. అందుకే ల్యాప్‌టాప్ గురించి ఎవరు అడిగినా నేను ముందు అడిగేది కార్డు పేరు కాదు, ఎన్ని వాట్లు అని. స్పెసిఫికేషన్ పేజీలో టీజీపీ (కార్డుకి ఇచ్చే వాట్లు) అని రాసి ఉంటుంది. రాయకపోతే అనుమానించండి. వాడి చూసే వీలుంటే హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి, కరెంటు అంకెలు చూపించే ప్రోగ్రామ్) తెరిచి, ఇరవై నిమిషాలు రెండర్ నడిపి, ఆ తర్వాత జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) పవర్ ఎంత చూపిస్తోందో చూడండి. మొదటి నిమిషంలో వచ్చిన అంకెని పట్టించుకోవద్దు.

మీ పనికి తిరగడం తప్పనిసరి అయితే, అంటే క్లయింట్ దగ్గర కూర్చుని మార్పులు చేయాల్సి వస్తే, ల్యాప్‌టాప్ తీసుకోవడంలో తప్పేం లేదు. అప్పుడు ర్యామ్ బోర్డుకి అతికించేసి ఉందా, స్లాట్లు ఉన్నాయా అని చూసుకోండి. అతికించినదైతే మొదటి రోజే 32 జీబీ ఉన్నది కొనండి, తర్వాత పెంచుకోలేరు.

పాత 3090 గురించి. కాగితం మీద అది ఇప్పటికీ గొప్ప కార్డు. 24 జీబీ మెమొరీ, సెకనుకి 936 జీబీ బ్యాండ్‌విడ్త్ (మెమొరీ నుంచి డేటా కదిలే వేగం). 4060 టీఐకి అది 288 మాత్రమే. బరువైన సీన్లకి 3090 నిజంగానే ఎక్కువ సుఖం. కానీ 2020లో వచ్చిన ఈ కార్డు క్రిప్టో నాణేల మైనింగ్ బాగా నడిచిన రోజుల్ని చూసింది. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం అనే క్రిప్టో నాణెం మైనింగ్ అక్కర్లేని పద్ధతికి మారాక అలాంటి కార్డులు పెద్దఎత్తున అమ్మకానికొచ్చాయి. మైనింగ్‌లో వాడినంత మాత్రాన చెడిపోయినట్టు కాదు. 3090కి ఉన్న అసలు బలహీనత వేరు. దాని మెమొరీ చిప్పులు 24లో సగం బోర్డు వెనక వైపు ఉంటాయి. ముందు వైపు చిప్పుల మీద పెద్ద హీట్‌సింక్, ఫ్యాన్లు ఉంటాయి. వెనక వాటికి చాలా మోడళ్లలో థర్మల్ ప్యాడ్, బ్యాక్‌ప్లేట్ మాత్రమే దిక్కు. ఆ ప్యాడ్లు ఎండిపోతే మెమొరీ కాలిపోతూ ఉంటుంది, జీపీయూ టెంపరేచర్ మాత్రం నిక్షేపంగా 68 డిగ్రీలు చూపిస్తుంది.

కాబట్టి చూడాల్సింది హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో మెమొరీ జంక్షన్ టెంపరేచర్ అనే వరుస. అరగంట లోడ్ తర్వాత అది 90ల్లో ఆగితే పర్వాలేదు. 104, 106 దాటి ఎగబాకుతుంటే ప్యాడ్లు మార్చాల్సిందే. 110 దగ్గర కార్డు తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. ఓసీసీటీ అనే పరీక్ష ప్రోగ్రామ్‌లో వీర్యామ్ (కార్డు మెమొరీ) టెస్ట్ ఉంది, అది నడిపితే ఒక్క ఎర్రర్ కూడా రాకూడదు. ఒక్కటి వచ్చినా ఆ బేరం వదిలేయండి, చౌకగా ఇస్తానన్నా వద్దు. పవర్ కనెక్టర్ల లోపల టార్చి వేసి చూడండి, ప్లాస్టిక్ గోధుమరంగులోకి తిరిగి ఉంటే అక్కడ వేడెక్కిందని అర్థం. జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపించే ప్రోగ్రామ్) తెరిచి మెమొరీ సైజు 24 జీబీ, బస్ 384 బిట్ ఉన్నాయో లేదో పోల్చుకోండి. అమ్మే మనిషి పరీక్షకి ఒప్పుకోకపోతే అక్కడితో సరి.

ఇవన్నీ దాటినా ఆ కార్డు ఒక్కటే 350 వాట్లు తాగుతుంది, క్షణికంగా అంతకు మించి కూడా లాగుతుంది. ఎన్విడియా సూచించింది 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్. నేనైతే 850కి తక్కువ పెట్టను. రోజంతా ఎక్సెల్, మీటింగులు నడిపే గదిలో ఆ వేడి, ఆ చప్పుడు మీరు భరించగలరా అన్నది కూడా ఆలోచించండి. 4060 టీఐ 16 జీబీ 165 వాట్లతో సరిపెట్టుకుంటుంది.

అన్నట్టు 5060 టీఐ అందుబాటులో ఉంటే 4060 టీఐ బదులు అది తీసుకోండి. దాని బ్యాండ్‌విడ్త్ 448 జీబీ. కాకపోతే ఈ రెండు కార్డులూ 8 జీబీ, 16 జీబీ రెండు రకాల్లో ఒకే పేరుతో అమ్ముతారు. పెట్టె మీద 16 అని కళ్లారా చూసుకుని డబ్బు కట్టండి. ఏఎండీ కార్డులు ఎందుకు చెప్పలేదంటారేమో. ఆటలకీ రోజువారీ వాడకానికీ అవి చక్కగా ఉంటాయి, మెమొరీ కూడా ధారాళంగా ఇస్తారు. బ్లెండర్‌లో రెండర్ చేసే భాగమైన సైకిల్స్ కూడా హిప్ అనే ఏఎండీ సాఫ్ట్‌వేర్ ద్వారా వాటి మీద నడుస్తుంది. కానీ సైకిల్సే మీ ప్రధానమైన పని కాబట్టి రెండర్ వేగం పెంచే ఆప్టిక్స్ సాఫ్ట్‌వేర్ ఉన్న ఎన్విడియా వైపే నేను మొగ్గుతాను.

ప్రాసెసర్ దగ్గరికి వద్దాం. రెండర్ కార్డు మీద జరుగుతున్నప్పుడు ఐ9లోని కోర్లలో చాలా వరకు ఖాళీగా కూర్చుంటాయి. మాడిఫయర్లు వేసేటప్పుడు, వ్యూపోర్ట్‌లో తిప్పేటప్పుడు, ఎక్సెల్ తెరిచేటప్పుడు మీకు తెలిసే చురుకుదనం చాలా వరకు ఒక్కో కోర్ వేగం నుంచి వస్తుంది. ఆ విషయంలో కొత్త తరం ఐ5, రైజెన్ 5 మీ 7400 కన్నా ఎంతో ముందున్నాయి. సీపీయూ మీదే రెండర్ చేసేవాళ్లకీ, నీళ్లు పొగ సిమ్యులేషన్లు చేసేవాళ్లకీ కోర్లు ఎక్కువ కావాలి. మీరు అవి చేస్తున్నట్టు చెప్పలేదు.

ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ మాత్రం కొనే ముందు ఒక్క నిమిషం ఆగండి. దానికి సొంత గ్రాఫిక్స్ ఉండదు. కార్డు ఉండగా అదెందుకు అనిపిస్తుంది కదా? వీడియో ఎడిటింగ్‌లో తేడా తెలుస్తుంది. కొన్ని కెమెరాలు 4:2:2 10 బిట్ హెచ్ఈవీసీ అనే, రంగుల వివరం ఎక్కువ దాచే వీడియో ఫార్మాట్‌లో రికార్డు చేస్తాయి. ఆ ఫార్మాట్‌ని ఎన్విడియా 40 సిరీస్ కార్డులు హార్డ్‌వేర్‌లో విప్పలేవు, 50 సిరీస్ విప్పగలదు. 11వ తరం నుంచి ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోని సొంత గ్రాఫిక్స్ కూడా విప్పగలదు. ఒక ఎడిటర్ మంచి కార్డు పెట్టుకుని కూడా టైమ్‌లైన్ ముక్కుతూ మూలుగుతూ నడుస్తోందని కార్డు మార్చేయబోయాడు. అతని ఫుటేజ్ ఇదే రకం, ప్రాసెసర్ ఎఫ్ మోడల్. కార్డు అలాగే ఉంచి, ప్రాక్సీలు (ఎడిటింగ్‌కి వాడే తేలికపాటి నకళ్లు) తయారు చేసుకోవడం మొదలుపెట్టాడు, పని సాఫీగా సాగింది. మీరు ఫోన్‌తో తీసిన వీడియోలే కోస్తుంటే ఇది మీకు వర్తించదు, అవి సాధారణంగా 4:2:0.

ఇంటెల్ 13, 14 తరాల కొన్ని డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో వోల్టేజ్ సమస్య వల్ల సిస్టమ్ క్రాష్ అవడం 2024లో బయటపడింది. ఇంటెల్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. కొత్తది కొని బయోస్ అప్‌డేట్ చేసుకుంటే కంగారు అక్కర్లేదు. అప్‌డేట్ లేకుండా ఏడాది నడిచిన సెకండ్ హ్యాండ్ ముక్క మాత్రం నేను తీసుకోను, ఎందుకంటే జరిగిన నష్టాన్ని అప్‌డేట్ వెనక్కి తేలేదు.

రోజువారీ వాడకానికి సుఖం ఇచ్చేవి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. ర్యామ్ ఎప్పుడూ రెండు స్టిక్కులుగా తీసుకోండి. డీడీఆర్4-3200 ఒక్క స్టిక్కు అయితే సెకనుకి 25.6 జీబీ, రెండైతే 51.2. నాలుగు స్లాట్లూ నింపితే డీడీఆర్5 తరచూ వేగం తగ్గించి నడుస్తుంది, అందుకే ముందే రెండు పెద్దవి కొనడం మేలు. బిగించాక బయోస్‌లో ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో సెట్టింగు ఆన్ చేయకపోతే కొన్న వేగం రాదు, చాలామంది ఇది మర్చిపోతారు. ఎస్‌ఎస్‌డీ విషయంలో 3500 ఎంబీ వేగానికీ 7000కీ మధ్య తేడా బ్రౌజరు, ఎక్సెల్ వాడకంలో మీకు తెలియదు. నిండిపోయిన డిస్క్ తేడా మాత్రం తెలుస్తుంది. చౌకగా వచ్చే క్యూఎల్‌సీ రకం ఎస్‌ఎస్‌డీల్లోకి పెద్ద వీడియో ఫైళ్లు ఎక్కిస్తుంటే క్యాష్ నిండగానే వేగం పడిపోతుంది.

ఎస్‌ఎంపీఎస్ మీద ఉండే 80 ప్లస్ గోల్డ్ అన్నది కరెంటు ఎంత వృథా అవుతుందో చెప్పే ముద్ర. లోపలి భాగాలు ఎంత మన్నుతాయో అది చెప్పదు. ఎక్కువ ఏళ్ల వారంటీ ఇచ్చేవాళ్ల దగ్గర కొనండి.

మానిటర్ గురించి మీరు అడగలేదు. ఇంటీరియర్లు చేసేవాళ్లు అడగాలి. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత) అని రాసి ఉన్న ప్యానెల్ ఎస్ఆర్‌జీబీ అనే ప్రామాణిక రంగుల శ్రేణిలో సుమారు మూడింట రెండొంతులే చూపిస్తుంది. దాని మీద చూసి సరిదిద్దిన టేకు రంగు క్లయింట్ ఫోన్‌లో ఇంకోలా కనపడుతుంది. ఎస్ఆర్‌జీబీ 100 శాతం ఉన్న ఐపీఎస్ రకం ప్యానెల్ కనీస అవసరం. ల్యాప్‌టాప్ కొన్నా ఇదే షరతు.

పాత సిస్టమ్‌లోనే కొత్త కార్డు పెట్టేయొచ్చా అని మనసులో ఉండి ఉంటుంది. పెట్టొచ్చు, డబ్బు ఒక్కసారే సర్దలేకపోతే ముందు కార్డు కొని అలా నడపండి. 4060 టీఐ ఎనిమిది పీసీఐ లేన్లే (బోర్డుకీ కార్డుకీ మధ్య డేటా దారులు) వాడుతుంది, మీ పాత బోర్డు 3.0 కాబట్టి దారి సగానికి ఇరుకవుతుంది. కానీ సైకిల్స్ సీన్‌ని ఒకసారి కార్డులోకి ఎక్కించి అక్కడే పని చేసుకుంటుంది కాబట్టి మెమొరీలో పట్టినంత వరకు రెండర్ వేగం పెద్దగా తగ్గదు. సీన్ సిద్ధం చేసే దశ మాత్రం ఆ నాలుగు కోర్ల మీద సాగదీస్తుంది. మీ 1650 చాలా మోడళ్లలో స్లాట్ కరెంటుతోనే నడిచేది. కొత్తదానికి విడిగా పవర్ కేబుల్ కావాలి, మీ ఎస్‌ఎంపీఎస్‌లో అది ఉందో లేదో ముందే చూసుకోండి. ఎలాగూ 7400కి విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10కి సాధారణ సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి ఈ ఏర్పాటుని కొన్ని నెలలకే అనుకోండి.

కొత్త సిస్టమ్ వచ్చాక వాపసు ఇచ్చే గడువులోపే గట్టిగా పరీక్షించండి. ఒక రాత్రి మెమ్‌టెస్ట్86 నడపండి, ఒక్క ఎర్రర్ వచ్చినా ర్యామ్ మార్పించుకోండి. బ్లెండర్ బెంచ్‌మార్క్ నడిపి వచ్చిన స్కోరుని, బ్లెండర్ ఓపెన్ డేటా సైట్‌లో అదే కార్డుకి ఉన్న స్కోరుతో పోల్చండి. నాలుగైదు శాతం తేడా మామూలే. ఇరవై శాతం తక్కువ వస్తే గాలి ఆడటంలోనో, డ్రైవర్‌లోనో, పవర్ సెట్టింగుల్లోనో ఏదో ఉంది. టాస్క్ మేనేజర్‌లో 3డీ గ్రాఫ్ ఒక్కటే చూసి కార్డు 5 శాతమే పని చేస్తోందని టెన్షన్ పడకండి, రెండర్ లోడ్ ఆ గ్రాఫ్‌లో సరిగ్గా కనపడదు. జీపీయూ-జెడ్‌లో జీపీయూ లోడ్ చూడండి.

మీ బరువైన సీన్ పీక్ మెమొరీ ఎంత వచ్చిందో, మీ వీడియోలు ఏ కెమెరావో, ఏ ఫార్మాట్‌వో ఇక్కడ రాయండి. ఆ రెండూ తెలిస్తే ప్రాసెసర్, బోర్డు మోడళ్లతో సహా చెప్పగలను.